క్యూసెక్కుల మంత్రి డా. కె.ఎల్. రావు గారు

మన సంఘ సభ్యులలో నీటిపారుదల శాఖలో పనిచేసినవారు చాలామందే ఉన్నారు. సాగర్ కాలువల మీద లెవెల్ యంత్రం పట్టుకుని తిరిగి, ఎం.బుక్కులు నింపి రిటైరైనవారిలో నేనూ ఒకణ్ణి. మన వృత్తిలోంచే వెళ్ళి కేంద్ర మంత్రి పదవిని అలంకరించిన డా. కానూరి లక్ష్మణరావు గారిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకోవడం నా ధర్మంగా భావిస్తున్నాను.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. రంగూన్‌లో ప్రొఫెసరుగానూ పనిచేశారు. స్వదేశం వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా గోదావరి మీది రామపాదసాగర్ పథకానికి పనిచేశారు. 1950లో ఢిల్లీ వెళ్ళి, కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో 1954 నాటికి చీఫ్ ఇంజనీరయ్యారు.

నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయనది ప్రధాన పాత్ర. సుమారు 124 మీటర్ల ఎత్తయిన ఆ డ్యామును రాతి కట్టడంగా నిర్మించడం వల్ల సిమెంటు ఆదా అయింది, వేలాది కూలీలకు పని దొరికింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. అప్పటికి మన రావు గారు కేంద్రంలో మంత్రి!

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ ఏడే మంత్రివర్గంలో చేరి, సుమారు పదేళ్ళు నీటిపారుదల, విద్యుత్ శాఖలో మంత్రిగా ఉన్నారు. మరో రెండుసార్లు విజయవాడ ప్రజలే ఆయనను గెలిపించారు. తన ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారంటే, ఎన్నికలలో నిలబడినా ఆయన మనసు నీటి లెక్కల మీదే ఉందని తెలుస్తోంది.

1972లో ఆయన ప్రతిపాదించిన గంగా–కావేరి అనుసంధానం అందరికీ గుర్తుండే ఉంటుంది. పాట్నా దగ్గర వరద రోజులలో 60,000 క్యూసెక్కులు తీసి, అందులో 50,000 క్యూసెక్కులను 549 మీటర్లు ఎత్తిపోసి దక్షిణాదికి పంపాలన్నది ఆలోచన. మొత్తం పొడవు 2,640 కిలోమీటర్లు. అయితే ఆయన ఒకప్పుడు పనిచేసిన కమిషన్‌కు వారసురాలైన కేంద్ర జల సంఘమే దీనిని పరిశీలించి, వ్యయం తక్కువ చూపారనీ, విద్యుత్తు మరీ ఎక్కువ కావాలనీ, వరదల నివారణకు ఉపయోగపడదనీ తేల్చింది.

దీనిని ఆయన ఓటమిగా కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. మంత్రిగారి పథకమైనా అంచనా అంచనాయే. దానిని నిర్మొహమాటంగా సరిచూడడం కింది ఇంజనీర్ల విధి. ఆ పద్ధతి నిలిచినప్పుడే ప్రజాధనానికి రక్షణ. అదే సమయంలో, ఆయన లేవనెత్తిన ప్రశ్న వీగిపోలేదు. 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడి, నదుల అనుసంధానంపై అధ్యయనాలు చేపట్టింది.

రావు గారు 1986 మే 18న కన్నుమూశారు. కృష్ణ మీది పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు. మనవలతో అటు వెళ్ళే మిత్రులు, ఆ పేరుగల పెద్దమనిషి ఎవరో వారికి తప్పక చెప్పాలని నా మనవి.