దద్దుర్లు: ఒక వ్యాధి, అనేక నామాలు

“ఏమి తిన్నావు?”

ఒంటిమీద దద్దుర్లు లేచినవారిని మన ఇండ్లలో మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. వంకాయ అనో, గోంగూర అనో, ఎండుచేప అనో జవాబు రాగానే ఇంటిల్లిపాదికీ మనసు కుదుటపడుతుంది. కారణం దొరికినది, దానిని మానివేస్తే సరి. ఒకనాడు వచ్చి మరునాటికి మాయమయ్యే దద్దుర్లకు ఈ ప్రశ్న చాలవరకు చాలును. కాని నెలల తరబడి, ఏండ్ల తరబడి, ప్రతి సాయంకాలమూ లేచే దద్దుర్ల మాట ఏమి? రోగి వంకాయ మానినాడు, పులుపు మానినాడు, చేప మానినాడు, చివరకు పాలు కూడ మానినాడు; దద్దుర్లు మాత్రం మానలేదు. అతనిని చూచి కొందరు “ఏదో చాటుగా తింటున్నాడు” అంటారు. మరి కొందరు “అంతా మనోవ్యాధి” అంటారు. దురద ఒక బాధ. ఈ మాటలు దానిపైన మరొక బాధ.

ఈ రెండు నిందలూ చుట్టాల నోట పుట్టినవి కావు. వైద్యశాస్త్రమే చాలకాలము ఈ రోగిని ఈ రెండు విధాలుగా చూచినది. ఈ వ్యాధికి ఏ కాలమున ఏ పేరు పెట్టినారో వరుసగా పరిశీలిస్తే, ఆ చూపు ఎట్లు పుట్టినదో, ఎట్లు మారినదో తెలుస్తుంది.

ముందుగా వ్యాధిస్వరూపము. చర్మముపై ఎర్రని, లేక పాలిన గట్లు లేస్తవి. విపరీతమైన దురద ఉంటుంది. ఒక దద్దురు సాధారణముగా ఒక దినములోపల మచ్చయైనా మిగల్చక అణగిపోతుంది. ఇంతలో మరొక చోట మరొకటి లేస్తుంది. కొందరికి చర్మము క్రింది లోతైన పొరలలో నీరు చేరి కనురెప్పలు, పెదవులు, నాలుక, చేతులు వాచిపోతవి. ఈ వాపులో దురదకంటె బిగువు, మంట ఎక్కువ. తగ్గడానికి రెండు మూడు దినములు పట్టవచ్చును. రాత్రి చక్కగా నిద్రించిన మనిషి ఉదయము అద్దములో తన ముఖమును తానే గుర్తుపట్టలేడు. ఈ స్థితి ఆరు వారాలకు మించి సాగితే వైద్యులు దానిని దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు.

మన ప్రాచీన వైద్యులు దీనిని బాగుగా ఎరుగుదురు. చరకసంహితలో ‘ఉదర్ద ప్రశమన’మని పది ఔషధముల గణము ఒకటి ఉన్నది. తుమికి, రేగు, చండ్ర, మద్ది మున్నగు వృక్షములు అందులో చేరినవి. మాధవకరుని నిదానగ్రంథములో శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను మూడింటికి కలిపి ఒక ప్రకరణమే ఉన్నది. కందిరీగ కుట్టినచోట లేచినట్లు చర్మము ఉబ్బుననీ, చల్లని గాలి సోకుట ఇందుకు ఒక కారణమనీ ఆ గ్రంథకర్త చెప్పినాడు. అంతకంటె గమనింపదగినది మరొకటి ఉన్నది. పుట్టి వెంటనే నశించేది కోఠమనీ, విడువక మరల మరల వచ్చేది ఉత్కోఠమనీ ఆయుర్వేదము రెంటికీ వేరు పేర్లు పెట్టినది. తాత్కాలికమైన దద్దురూ దీర్ఘకాలికమైన దద్దురూ ఒకటి కావను గుర్తింపు అంత వెనుకటి నాటిది.

ఐరోపాలో ఈ వ్యాధికి చెట్టు పేరు వచ్చినది. మన దురదగొండి వలె తాకగానే మంట పుట్టించే మొక్క అక్కడ ఒకటి ఉన్నది. లాటిను భాషలో దాని పేరు ‘అర్టికా’. ఎడింబరో వైద్యుడు విలియం కల్లెన్ 1769లో వ్యాధులను వర్గీకరిస్తూ దద్దుర్లకు ‘అర్టికేరియా’ అను పేరు వాడినాడు. అది పోలికను చెప్పిన పేరు, కారణమును చెప్పలేదు. కనుక దానివలన కీడు లేదు.

కీడు చేసిన పేరు లోతైన వాపుకు పెట్టినది. జర్మనీలోని కీల్ నగరములో హైన్రిఖ్ క్వింకె 1882లో ఆ వాపును స్పష్టముగా వర్ణించినాడు. నేటికీ అనేక దేశములలో దానిని ‘క్వింకె వాపు’ అంటారు. రక్తనాళములను అదుపు చేసే నరముల దోషమే దీనికి మూలమని ఆ కాలపు వైద్యులు ఊహించినారు. 1885లో స్ట్ర్యూబింగ్ అను వైద్యుడు ‘ఆంజియోన్యూరోటిక్’ వాపు అను పేరు తెచ్చినాడు. అనగా నాళములకూ నరములకూ సంబంధించినదని అర్థము. ఊహ పేరుగా మారినది. పేరు పాఠ్యగ్రంథములలోనికి ఎక్కినది. ‘న్యూరోటిక్’ అను మాటకు తరువాతి కాలములో మనోదౌర్బల్యమను అర్థము బలపడినది. ఆ పేరు మాత్రం మారలేదు. పెదవి వాచి వైద్యుని వద్దకు వెళ్ళిన రోగి, తన మనసే తన శత్రువను తీర్పు వినవలసివచ్చినది.

ఈ పేరు నీడలో మరుగుపడిన సత్యమొకటి ఉన్నది. 1888లో విలియం ఆస్లర్ ఒక కుటుంబ చరిత్రను ప్రకటించినాడు. అందులో ఐదు తరాల వారికి ఇట్టి వాపులు వచ్చినవి. గొంతు వాచి ఊపిరాడక మరణించినవారూ ఉన్నారు. వారికి దద్దుర్లు లేవు, దురద లేదు. తాత నుండి మనుమనికి దిగివచ్చే ఈ వ్యాధి కేవలము భయము వలన, దిగులు వలన కలిగేది కాదని ఆ వంశవృక్షమే చెప్పుచున్నది. అయినను దాని అసలు కారణము తెలియుటకు డెబ్బది అయిదేండ్లు పట్టినది.

ఈలోగా దద్దురు ఎట్లు లేస్తుందను ప్రశ్న ప్రయోగశాలలకు చేరినది. 1878లో పాల్ ఎర్లిఖ్ అను జర్మను విద్యార్థి తన పరిశోధనా వ్యాసములో నిండా రేణువులున్న కణములను వర్ణించినాడు. అవి బాగా మేసి బలిసినవని తలచి, మేత అను అర్థము వచ్చేటట్లు వాటికి ‘మాస్ట్’ కణములని పేరు పెట్టినాడు. ఇదియు పొరపాటు పేరే. ఆ రేణువులు ఆహారము కాదు. అవి మందుగుండు వంటివని తరువాత తేలినది. 1910లో ఇంగ్లండులో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్‌లా అనువారు హిస్టమీన్ అను పదార్థము శరీరముపై చేసే పనిని వివరించినారు. అది రక్తనాళములను వెడల్పు చేస్తుంది. వాటి గోడల సందులనుండి ద్రవము బయటకు ఊరేటట్లు చేస్తుంది. ఈ హిస్టమీన్ నిలువయుండేది మాస్ట్ కణములలోనే అని 1953లో రైలీ, వెస్ట్ అను ఇరువురు నిరూపించినారు.

లండను వైద్యుడు థామస్ లూయిస్ 1920ల నాటి ప్రయోగములలో మనుష్యుల చర్మమునే పరిశీలించినాడు. మొద్దు అంచుతో గట్టిగా గీస్తే మొదట ఎర్రని గీత, తరువాత చుట్టును వ్యాపించే ఎరుపు, ఆపైన ఉబ్బిన గట్టు కనిపిస్తవి. చర్మములోనే హిస్టమీన్ వంటి పదార్థము విడుదలగుట వలన ఇది జరుగుతుందని ఆయన తేల్చినాడు. కొందరి వీపుమీద వ్రేలితో పేరు వ్రాస్తే కొద్ది నిమిషములలో ఆ అక్షరాలు ఉబ్బి లేస్తవి. ఇది దద్దుర్ల వ్యాధిలోని ఒక భేదము. ఇందులో తిండి ప్రసక్తి లేదు; ఒరిపిడియే కారణము.

తిండి మీద నింద బలపడినది వేరొక దారిని. 1902లో ఫ్రాన్సు దేశములో పోర్టియే, రిషే అనువారు కుక్కలకు సముద్రజీవుల విషమును ఎక్కించి చూచినారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తరువాత అతి స్వల్పమైన మోతాదుకే మరణించినది. రక్షింపవలసిన శక్తియే భక్షించినదన్నమాట. దీనిని వారు ‘అనఫిలాక్సిస్’ అన్నారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. 1906లో వియన్నా వైద్యుడు ఫోన్ పిర్కే ‘ఎలర్జీ’ అను మాట కల్పించినాడు. మారిన ప్రతిక్రియ అని దాని భావము. మన వాడుకలో “నాకు వంకాయ పడదు” అనుటలో ఈ భావము ఎప్పుడో ఉన్నది.

1921లో ప్రౌస్నిట్స్, క్యూస్ట్నర్ అను ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు చేసిన పని ముచ్చటైనది. క్యూస్ట్నర్‌కు వండిన చేప పడదు. అతని రక్తరసమును ప్రౌస్నిట్స్ తన చర్మములోనికి ఎక్కించుకొన్నాడు. మరునాడు అక్కడే చేపసారమును పొడిపించుకొన్నాడు. అక్కడ దద్దురు లేచినది! పడకపోవుట రక్తములోని ఏదో ఒక పదార్థముతో వస్తుందని తెలిసినది. ఆ పదార్థమును 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడనులో యోహాన్సన్, బెన్నిఖ్ అనువారు గుర్తించినారు. దానికి ఐజీఈ అని పేరు.

ఔషధము కూడ ఈ దారినే వచ్చినది. పారిస్‌లోని పాస్టర్ పరిశోధనాలయములో డానియెల్ బోవే బృందము 1937లో హిస్టమీనును అడ్డగించే మొదటి పదార్థమును కనుగొన్నది. అది మనుష్యులకు వాడదగినది కాదు. 1942లో హాల్పెర్న్ వాడుకకు పనికివచ్చే మందును తెచ్చినాడు. బోవేకు 1957లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆనాటి మందులు దురదను తగ్గించినవి, కాని మనిషిని మగత ముంచెత్తినది. మగత తక్కువగల లొరాటడీన్, సెట్రిజీన్ వంటివి 1980లలోనే వాడుకలోనికి వచ్చినవి.

ఇంత తెలిసిన తరువాతను దీర్ఘకాలిక రోగుల ప్రశ్న తీరలేదు. ఆహార పరీక్షలు చేస్తే పలువురికి ఏదియు తేలలేదు. పథ్యములు పెరిగినవి, శరీరములు చిక్కినవి; దద్దుర్లు నిలిచినవి. వైద్యులు ‘కారణము తెలియనిది’ అని వ్రాసి ఊరుకొన్నారు. 1986లో గ్రటన్, అతని సహచరులు ఒక పరీక్ష చేసినారు. రోగి రక్తరసమునే అతని చర్మములోనికి ఎక్కించగా కొందరిలో అక్కడ దద్దురు లేచినది. వెలుపలి వస్తువేదియు చేర్చలేదు! 1993లో హీడె, గ్రీవ్స్ ప్రభృతులు కారణమును చూపినారు. మాస్ట్ కణముల ద్వారముల మీదనే దాడిచేసే ప్రతిరక్షకములు కొందరి రక్తములో ఉన్నవి. దొంగ వెలుపలినుండి రాలేదు. కావలివాడే పొరపడి తలుపు తట్టుచున్నాడు. రోగులందరికీ ఇదే కారణమని చెప్పరాదు. కాని “ఏమి తిన్నావు?” అను ప్రశ్నకు పెక్కుమంది దీర్ఘరోగుల విషయమున జవాబే లేదని దీనితో స్పష్టమైనది.

ఆస్లర్ చూచిన కుటుంబవ్యాధి రహస్యము అంతకు ముందే, 1963లో, డొనాల్డ్‌సన్, ఎవాన్స్ అనువారి పరిశోధన వలన బయటపడినది. రక్తములో సి-1 నిరోధకమను ఒక మాంసకృత్తు ఆ రోగులలో లోపించినది. ఇక్కడ వాపు తెచ్చేది హిస్టమీన్ కాదు, బ్రాడికినిన్ అను వేరొక పదార్థము. కనుకనే దద్దుర్ల మందులు, అడ్రినలిన్ కూడ, ఈ వాపుపై తగినట్లు పనిచేయవు. ఒకే పేరు క్రింద రెండు వ్యాధులను కలిపి చూచినంతకాలము ఈ భేదము మరుగుననే ఉన్నది. తగిన చికిత్స అందక పోయిన ప్రాణములున్నవి. ఇప్పుడు ఆ మాంసకృత్తును బయటనుండి ఎక్కించవచ్చును. బ్రాడికినినును అడ్డగించే మందులున్నవి.

నేడు దీర్ఘకాలిక దద్దుర్లకు మగత తక్కువగల హిస్టమీన్ నిరోధకములను క్రమము తప్పక ఇస్తారు. చాలకపోతే వైద్యుని పర్యవేక్షణలో మోతాదు నాలుగింతల వరకు పెంచవచ్చును. అప్పటికీ తగ్గనివారికి, ఐజీఈని పట్టివేసే ఒమాలిజుమాబ్ అను సూదిమందు 2014 నుండి ఆమోదముతో వాడుకలో ఉన్నది. చాలమందిలో వ్యాధి కొన్ని ఏండ్లకు తనంతట తాను అణగిపోతుంది కూడ. ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు కొందరిలో దద్దుర్లను రేపుతవి. రక్తపోటుకు వాడే, ‘ప్రిల్’ అని ముగిసే పేర్లుగల మందులు కొందరిలో దద్దుర్లు లేకుండగనే పెదవులను, నాలుకను వాపింపగలవు. ఈ సంగతులు వైద్యునితో చెప్పవలెను. నాలుక వాచినా, గొంతు బిగిసినా, మాట బొంగురుపోయినా, ఊపిరి అందకపోయినా, గృహవైద్యమునకు కూర్చుండక తక్షణము ఆస్పత్రికి చేరవలెను.

శ్రోతలు గమనింపవలసిన విషయమొకటి. ఈ చరిత్రలో మేలు జరిగిన ప్రతి ఘట్టమునను ఒక వైద్యుడు తన ఊహను ప్రక్కన పెట్టి రోగి శరీరము చెప్పిన సాక్ష్యమును విన్నాడు. ఆస్లర్ ఒక వంశము కథను విన్నాడు. లూయిస్ చర్మముపై గీతను చూచినాడు. గ్రటన్ రోగి రక్తమునే ప్రశ్నించినాడు. కీడు జరిగిన చోట పేరే కారణముగా చెలామణి అయినది. మన ఇంట ఎవరికైనా ఏండ్ల తరబడి దద్దుర్లు లేస్తూవుంటే, వారి కంచములోనుండి మరొక కూరను తీసివేయుటకు ముందు, వారి మనసును శంకించుటకు ముందు, వారు చెప్పే మాటను పూర్తిగా విందము. ఎప్పుడు లేచినది, ఎంతసేపు నిలిచినది, వాపు ఉన్నదా, ఇంటిలో మరెవరికైనా ఉన్నదా? ఈ నాలుగు సంగతులు ఒక కాగితముపై వ్రాసి వైద్యునికి అందిస్తే, “ఏమి తిన్నావు?” అను ప్రశ్నకంటె అవి రోగికి ఎక్కువ ఉపకారము చేస్తవి.