విశాఖపట్నంలో టెలివిజన్ ప్రభావం

తెలుగు టీవీకి కేంద్రం హైదరాబాద్. అక్కడ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు ఛానళ్లు వచ్చాక కేబుల్ వైర్లతో పాటు సీరియళ్లూ రేవు నగరం విశాఖపట్నంలో ఇంటింటికీ చేరాయి.

భాష: తెరమీద నిలిచింది ఎక్కువగా కోస్తా పత్రికల భాషే. ‘ఏటి’, ‘గుంటడు’ వంటి మాటలున్న ఉత్తరాంధ్ర యాస చాలాకాలం హాస్యపాత్రలకే పరిమితమైంది. ఆ యాసకు గుర్తింపూ, వెక్కిరింతా రెండూ టీవీవల్లే పెరిగాయన్న విమర్శ ఉంది.

క్రీడలు: 2005 ఏప్రిల్ 5న ఇక్కడ పాకిస్తాన్‌పై మహేంద్రసింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. ప్రత్యక్ష ప్రసారంతో ఆటగాడితో పాటు మైదానమూ దేశానికి పరిచయమైంది.

విపత్తులు: తుపాను వేళ వేటకు వెళ్లొద్దన్న హెచ్చరికలు జాలరిపేటలకు చేరే దారుల్లో టీవీ ఒకటి. అయితే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు కరెంటు, కేబుల్ తెగిపోయాయి. దేశమంతా చూస్తున్న విశాఖను విశాఖవాసులే చూడలేకపోయారు.

ఉద్యమాలు: ఉక్కు కర్మాగారం కోరుతూ పుట్టిన ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966లో సభలు, పత్రికలు, గోడరాతల ద్వారా పాకింది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, అదే నినాదం కూర్మన్నపాలెం దీక్షా శిబిరం నుంచి వార్తా ఛానళ్ల తెరలకెక్కింది.