వర్టికల్ జంప్ కొలత: సుద్దగుర్తు నుంచి స్మార్ట్‌ఫోన్ వరకు

నిలుచున్న చోటు నుంచి ఒక వ్యక్తి నిలువుగా ఎంత ఎత్తు ఎగరగలడో కొలవడాన్ని వర్టికల్ జంప్ పరీక్ష అంటారు. ఈ కొలత ఎలా పరిణామం చెందిందో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుంటారు. చదివేటప్పుడు ఒక ప్రశ్నను గుర్తుంచుకోండి: కొత్త పరికరం వచ్చినప్పుడు దోషం తొలగిపోయిందా, లేక దాని చోటు మాత్రమే మారిందా?

తొలి దశ: ఎత్తును నేరుగా కొలవడం

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని హెమెన్‌వే వ్యాయామశాలకు దీర్ఘకాలం డైరెక్టర్‌గా ఉన్న డడ్లీ అలెన్ సార్జెంట్ 1921లో ఈ పరీక్షను ప్రతిపాదించాడు. తరువాత వ్యాప్తిలోకి వచ్చిన రూపంలో, చేయి చాచి గోడపై ఒక గుర్తు, ఎగిరి మరో గుర్తు పెడతారు. రెండింటి మధ్య దూరమే ఫలితం. ఖర్చు లేదు. అయితే మొదటిసారి భుజాన్ని పూర్తిగా చాచకపోతే ఫలితం పెరుగుతుంది. శిఖరస్థాయికి చేరకముందే లేదా దాటాక గోడను తాకితే తగ్గుతుంది.

రెండవ దశ: కాలం నుంచి ఎత్తు

1983లో బోస్కో, లుహ్తానెన్, కోమి ప్రచురించిన పద్ధతి గాలిలో ఉన్న సమయంపై ఆధారపడింది. ఆ సమయం వర్గాన్ని గురుత్వ త్వరణంతో గుణించి 8తో భాగిస్తే ఎత్తు వస్తుంది. సమయం 0.5 సెకను అయితే ఎత్తు సుమారు 30.7 సెంటీమీటర్లు. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు శరీరభంగిమ ఒకటేనని ఈ సూత్రం భావిస్తుంది. మోకాళ్లు వంచి దిగితే సమయం పెరిగి, లేని ఎత్తు కనిపిస్తుంది.

మూడవ దశ: స్మార్ట్‌ఫోన్

2015లో బాల్సలోబ్రే-ఫెర్నాండెజ్, ఆయన సహచరులు ‘మై జంప్’ యాప్‌పై అధ్యయనం ప్రచురించారు. 20 మంది ఎగిరిన 100 జంప్‌లను ఫోర్స్ ప్లేట్‌తో పోల్చగా తేడా సగటున 1.1 సెంటీమీటర్లు. పాదం నేలను విడిచిన ఫ్రేమును, తిరిగి తాకిన ఫ్రేమును వీడియోలో వినియోగదారుడే ఎంచుకుంటాడు. పై ఉదాహరణలో ఒక్క ఫ్రేము తప్పితే, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో దాదాపు 4 సెంటీమీటర్ల దోషం వస్తుంది. 120 ఫ్రేములైతే సుమారు 1 సెంటీమీటరు, 240 అయితే అర సెంటీమీటరు.

కెమెరా వేగం పెరిగినా మోకాలి దోషం పోదు. పోల్చే పరికరం కూడా గాలిలో ఉన్న సమయాన్నే లెక్కిస్తే, రెండింటిలోనూ అదే దోషం ఉంటుంది కనుక పోలికలో అది బయటపడదు. రెండు పరికరాలు ఏకీభవించడం వేరు, కొలత నిజం కావడం వేరు.

సారాంశం

గోడ పరీక్షలో దోషం భుజంలో, గుర్తుపెట్టే క్షణంలో ఉండేది. కాలం కొలిచే పద్ధతిలో మోకాలికి, యాప్‌లో దానితోపాటు ఫ్రేము ఎంపికకు చేరింది. కాబట్టి వేర్వేరు పద్ధతుల ఫలితాలను నేరుగా పోల్చి క్రీడాకారులను ఎంపిక చేయడం అన్యాయం. అదే పద్ధతి, అదే ఫ్రేముల వేగం, కాళ్లు చాచి దిగడం అనే నియమాలు పాటిస్తే యాప్ ప్రగతిని తెలుసుకోవడానికి పనికొస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక విద్యార్థినికి జూన్‌లో గోడ పరీక్షలో 42, డిసెంబరులో యాప్‌లో 39 సెంటీమీటర్లు వచ్చాయి. ఆమె సామర్థ్యం తగ్గిందని చెప్పవచ్చా? కారణాలతో వివరించండి.