పాలు పడని వాళ్ల చరిత్ర

మా ఇళ్లల్లో 'పాలు పడవు' అనే మాట పాతదే. దాన్ని జబ్బు అనడమే కొత్త. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించేది లాక్టేజ్ ఎంజైమ్. బాల్యం దాటాక ప్రపంచంలో సుమారు మూడింట రెండొంతుల మందికి అది తగ్గిపోతుంది. అయినా వైద్యశాస్త్రం దీనికి 'లోపం' అని పేరుపెట్టింది. ఎవరి పేగు ప్రమాణమైంది?

1981లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఢిల్లీలో 27 శాతం మందికి, తిరువనంతపురం, పాండిచ్చేరిల్లో 67 శాతం మందికి లాక్టోజ్ అరగలేదు. ఇది కులాన్నిబట్టి వచ్చిన గుణం కాదు, దక్షిణాదిన అన్ని కులాల్లోనూ ఉంది. తేడా అల్లా పాడి దగ్గరే. పాడి ఉన్న ఇంట్లో పాలు పెరుగవుతాయి, నెయ్యవుతాయి. తోడుపెడితే లాక్టోజ్ తగ్గుతుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. జీతమున్న మా తాతలకి దొర ఇంటినుంచి దక్కింది చల్ల. అది కడుపుకి పడింది. ఎత్తునుంచి దోసిట్లోకి వంచిన తీరే పడలేదు.

1970 నుంచి 1996 దాకా నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ పాలని పట్నాలకి పారించింది. బడిపుస్తకం పాలని సంపూర్ణాహారం అన్నది. హాస్టల్లో పాలు తాగి కడుపునొప్పితో మెలికలు తిరిగిన మా ఇంటి పిల్లని 'పాలెరగని కడుపు' అని నవ్వారు. ఒళ్లు చెప్పిన మాటని కులం పేరుతో కొట్టేశారు.

పాల ఎలర్జీ వేరు. అది పాలలోని ప్రొటీన్‌కి ఒళ్లు తిరగబడటం. దానికి పెరుగు కూడా ప్రమాదమే.

నూరు గ్రాముల ఆవుపాలల్లో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మేం తైదలనే రాగుల్లో 340 దాకా ఉంటుంది. 2015లో తెలంగాణ అంగన్‌వాడీల్లో గర్భిణులకి రోజుకి 200 మిల్లీలీటర్ల పాలివ్వడం మొదలైంది. మేం పాలు వద్దనడం లేదు. మన తల్లులకి పాలు దక్కడమూ హక్కే. పడని తల్లికి పెరుగో, తైదంబలో అడిగే హక్కు కూడా రాతలో ఉండాలి.