ఎవరి ఇంటి ఎదుట గోడ వారిది: మన బడి చరిత్ర



నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం వచ్చినప్పుడు మనలో చాలామంది పేజీ గబగబా తిప్పేస్తాం. అన్నీ పేర్లే. ఫలానా వాడు ఈ గుమ్మం కట్టాడు, వాని పక్కన ఫలానా వాడు ఆ గోడ బాగుచేశాడు. యాజకులున్నారు, కంసాలులున్నారు, వర్తకులున్నారు. షల్లూము అనే అధిపతి తన కుమార్తెలతో కలిసి గోడ కట్టాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వారే కట్టుకున్నారు. ఓపికగా చదివితే అది ఒక ఊరి చరిత్ర. మన ప్రాంతంలో బడి ఎలా నిలబడిందో కూడా అలాగే ఒక్కొక్క పేరు తీసి చదువుకోవాలని ఈ వారం నాకు ప్రేరణ కలిగింది.

మన పిల్లలకు ఇది చెప్పినా నమ్మరు. సూర్యాపేట, కోదాడ రెండూ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో వాటి మధ్య ఉన్న మన మునగాల పరగణా మాత్రం నిజాంది కాదు. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ఇంగ్లీషు వారి మద్రాసు రాష్ట్రానికి చెందిన కృష్ణా జిల్లా తునక. పొలిమేర దాటితే రాజు మారతాడు, చట్టం మారుతుంది, బడి భాష కూడా మారుతుంది. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలని అడగడానికే అక్కడి పెద్దలు ఏళ్ల తరబడి సభలు పెట్టవలసి వచ్చింది. 1930లో జోగిపేటలో, 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన ఆంధ్రమహాసభలు అలాంటివే.

ఈ పరగణా జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆయన నివాసం మన నడిగూడెం కోట. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టడంలో ఈ ఇద్దరి చేయి ఉంది. వారితో పాటు రావిచెట్టు రంగారావు నిలబడి తన ఇంట్లోనే దానికి చోటిచ్చాడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైంది. చరిత్ర, సైన్సు సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో అచ్చువేయాలని దాని ఆశయం. 1907లో వచ్చిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర.

లక్ష్మణరావు గారి అక్క పేరు కూడా ఈ వరుసలో రావాలి. ఆమె బండారు అచ్చమాంబ, 1874లో పుట్టింది. చిన్నప్పుడు ఆమెను ఎవరూ బడికి పంపలేదు. తండ్రి చనిపోయాక తమ్ముణ్ణి తన దగ్గర పెట్టుకుని చదివించింది. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ అక్షరాలు నేర్చుకుంది. అలా నేర్చుకున్న చదువుతోనే మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు పుస్తకంగా రాసింది, కథలు రాసింది. 1905లో ముప్పై ఏళ్లకే కన్నుమూసింది. తమ్ముడి పలక పక్కన ఆమెకు దొరికిన చోటే ఆమెకు బడి.

ఇంతవరకు చదివి మన ఊరి పేరు చూసి సంతోషపడతాం. సంతోషపడాలి కూడా. కానీ పూర్తి సత్యం చెప్పుకోవాలి. లింకన్ కూలిపని చేసుకుంటూ పెరిగినవాడు, అన్నీ కలిపినా బడిలో ఒక ఏడాది కూడా కూర్చోలేదు. అతని చరిత్రను తెలుగులోకి తెచ్చిన దివాను గారు కొలువు చేసిన ఈ పరగణాలోనే పశువులు కాసే పిల్లవాడు ఆ పుస్తకం అట్ట మీద పేరైనా కూడబలుక్కోగలిగాడా? వెట్టిచాకిరి మీద, శిస్తుల మీద ఈ పరగణా రైతులు జమీందారుకు ఎదురు తిరిగి సంఘం కట్టి పోరాడారు. అది కూడా మన చరిత్రే. రాజుగారి దాతృత్వం నిజం, రైతుల కన్నీళ్లూ నిజం. మంచి మనసుతో ఇచ్చిన దానం గొప్పదే. కాని దానం ఇచ్చేవారి ఇష్టం మీద ఉంటుంది. ఎవరికి అందాలో కూడా వారే నిర్ణయిస్తారు.

మన క్రైస్తవ మిషను బడులను కూడా ఇదే తూకంలో వేద్దాం. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ దొర పెట్టిన బడి కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు చదువుకు పునాది వేసింది. అయితే అది ముఖ్యంగా పై కులాల పిల్లలను ఉద్దేశించి నడిచింది. 1890 ప్రాంతంలో అబ్రాహాము ఫ్రీసెన్ అనే మెనోనైట్ మిషనరీ రష్యా నుంచి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టాడు. 1912లో వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా, మన దేశస్థుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందారు. తెలుగు నేల మీద ఎన్నో మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మొదట అక్షరం దిద్దించింది ఉపదేశి గారే. పొద్దున పలక, సాయంత్రం ప్రార్థన. గుడీ బడీ ఒకే పాక. ఆ పాకలు లేకపోతే మన తాతలు బైబిలు చేతితో పట్టుకునేవారేమో గాని చదివేవారు కాదు. అయినా ఆ పాక కూడా ఒక మిషను దయ మీద, దూరదేశపు విశ్వాసుల చందా మీద నిలిచిందే.

అసలు మలుపు చట్టం ద్వారా వచ్చింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలకు ముగింపు పలికింది. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత విద్య ప్రభుత్వ బాధ్యత అని రాసుకుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, ఆ తర్వాత మన పరగణా కృష్ణా జిల్లా నుంచి నల్లగొండ జిల్లాలోకి వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చి ప్రాథమిక బడులు సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకు అప్పగించారు. 1986 చట్టంతో సమితుల చోట మండల పరిషత్తులు వచ్చాయి. బడి గోడ మీద మనం రోజూ చూసే "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల", "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అనే మాటల వెనక ఉన్న కథ ఇదే. రాజుగారి బడి, దొరగారి బడి పోయి ఓటు వేసిన వారందరి బడి అయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఇక బడి పిల్లవాడి హక్కు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు.

మరి ఆ హక్కు మన చేతికి వచ్చాక మనం ఏం చేస్తున్నాం? పొద్దున్నే ప్రైవేటు స్కూలు బస్సులు పల్లెల్లోకి వచ్చి పిల్లలను కోదాడకు ఎక్కించుకుపోతున్నాయి. అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. బిడ్డ బాగుండాలనే వారి తాపత్రయం. కానీ మన పిల్లలు లేని బడికి పంతులు రాకపోయినా మనం అడగం, కప్పు కురిసినా అడగం. అప్పుడు ఆ బడిలో మిగిలేది ఫీజు కట్టలేని కూలివాడి బిడ్డ ఒక్కడే. అతని తరఫున మాట్లాడేవారు ఉండరు. రిజిస్టరులో పేర్లు తగ్గితే టీచరును వేరే చోటికి పంపుతారు, టీచరు లేకపోతే ఇంకొన్ని పేర్లు తగ్గుతాయి. తాళం ఇలాగే పడుతుంది. చట్టం ఇచ్చిన దాన్ని ఎవరూ లాక్కోలేదు, మనమే వదిలేశాం అనే మాట మన తరం మీద పడకూడదు.

నెహెమ్యా మూడవ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. తెకోవ ఊరివారు పనిచేశారు గాని వారి పెద్దలు మాత్రం ఆ పనికి మెడ వంచలేదట. దేవుని గ్రంథం ఆ సంగతి కూడా మరవకుండా రాసిపెట్టింది. ఎనిమిదవ అధ్యాయానికి వస్తే గోడ పూర్తయింది. నీటి గుమ్మం ఎదుట పురుషులు, స్త్రీలు, గ్రహించగలిగిన వారందరూ కూడారు. ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు అర్థం విడమరచి చెప్పారు. ఎవరినీ బయట నిలబెట్టలేదు. వినడం, అర్థం చేసుకోవడం అందరి హక్కని దేవుడు ఆ రోజే చూపించాడు.

కాబట్టి సంఘానికి నా మనవి. మీ బిడ్డ ఏ బడిలో చదివినా ఊరి బడి మీదే అనుకోండి. బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మహిళా సంఘాల చేతికి వచ్చాయి. అక్కల్లారా, చెల్లెళ్లారా, సంతకం పెట్టి ఊరుకోకుండా వెళ్లి కూర్చోండి, అడగండి. చదువుకున్న యువకులు సాయంత్రం గంటసేపు చర్చి వరండాలో పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పండి. అచ్చమాంబకు దొరికినట్టు, పలక పక్కన ఇంకొక బిడ్డకు చోటివ్వండి. మన ఇంటి ఎదుట గోడ మనమే కట్టాలి.

మన బిడ్డలను, వారికి చదువు చెప్పే గురువులను ప్రభువు దీవించును గాక. ఆమేన్.