ముగ్గురు అడ్రాస్టస్‌లు

మా తరగతిలో లక్ష్ములం ముగ్గురం. ఒకసారి నా లెక్కల మార్కులు ఇంకో లక్ష్మి పేరు మీద పడ్డాయి. సరిచేసేదాకా నాకు నిద్ర పట్టలేదు. అందుకే గ్రీకు పురాణాల్లో ఒకే పేరు గలవాళ్ళ గురించి చదవాలనిపించింది.

హోమర్ రాశాడని చెప్పే 'ఇలియడ్' కావ్యంలో 24 భాగాలున్నాయి. గ్రీకులకు, ట్రాయ్ నగరం వాళ్ళకు జరిగిన యుద్ధమే అందులోని కథ. ట్రాయ్ పక్షాన పోరాడినవాళ్ళలో అడ్రాస్టస్ అనే పేరుతో ముగ్గురున్నారు. ముగ్గురూ చనిపోతారు.

మొదటి అతని కథ 6వ భాగంలో ఉంది. అతని రథం పొదకు తగులుకుని విరిగిపోయింది. గుర్రాలు పారిపోయాయి. గ్రీకు వీరుడు మెనెలాస్‌కు దొరికిపోయి, అతని మోకాళ్ళు పట్టుకున్నాడు. "మా నాన్న దగ్గర కంచు, బంగారం, ఇనుము ఉన్నాయి, నన్ను వదిలితే ఇస్తాడు" అని బతిమాలాడు. మెనెలాస్ మనసు కరిగింది. ఇంతలో అన్న అగమెమ్నాన్ పరుగున వచ్చి తమ్ముణ్ణి మందలించి, తానే ఈటెతో పొడిచి చంపాడు.

రెండో అతను పెర్కోటె ఊరివాడు. తండ్రి మెరాప్స్ గొప్ప జోస్యుడు. యుద్ధానికి వెళ్ళొద్దని చెప్పినా ఇద్దరు కొడుకులూ వినలేదు. వాళ్ళ పేర్లు 2వ భాగంలో ఉన్నాయి. 11వ భాగంలో డయోమెడిస్ చేతిలో చనిపోయేటప్పుడు మాత్రం పేర్లు లేవు, 'మెరాప్స్ కొడుకులు' అనే ఉంటుంది.

మూడో అతను 16వ భాగంలో వస్తాడు. పాట్రోక్లస్ వరసగా చంపిన తొమ్మిదిమందిలో మొదటివాడు. తండ్రి ఎవరో, ఊరు ఏదో చెప్పలేదు. ఉన్నది పేరు ఒక్కటే.

ఇంకో వింత కూడా ఉంది. పైలమెనెస్ అనే రాజు 5వ భాగంలో చనిపోతాడు. 13వ భాగంలో అదే పేరుతో ఒకాయన కొడుకు శవం వెనక ఏడుస్తూ నడుస్తాడు. చచ్చినవాడు మళ్ళీ ఎలా వచ్చాడు? ఆ పేరుతో ఇద్దరు ఉండి ఉంటారని ప్రాచీన వ్యాఖ్యాతలు కొందరు అన్నారు. హోమర్ పొరపాటు పడ్డాడని అనుకునేవాళ్ళూ ఉన్నారు.

ఒకే పేరు ఉంటే ఎవరు ఎవరో తెలిసేది ఎలా? గ్రీకులు తండ్రి పేరు కలిపి చెప్పేవారు. అజాక్స్‌లు ఇద్దరుంటే, ఒకరు టెలమాన్ కొడుకు, ఇంకొకరు ఒయిలియస్ కొడుకు. మా తమిళనాడులోనూ తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు రాస్తారు. మన తెలుగువాళ్ళకైతే ఇంటిపేరు ఉంది.

ముగ్గురిలో నాకు ఎక్కువ జాలి వేసింది మూడో అడ్రాస్టస్ మీదే. అతనికీ ఇంట్లో ఎదురుచూసే అమ్మ ఉండే ఉంటుంది. ఆమెకు మాత్రం అడ్రాస్టస్ ఒక్కడే కదా! ఇప్పుడు నేను ప్రతి పరీక్ష పేపరు మీదా ఇంటిపేరు, నాన్న పేరు, నా పేరు మూడూ పూర్తిగా రాస్తున్నాను.