స్వార్ట్‌వౌట్ కుంభకోణం

న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టర్ శామ్యూల్ స్వార్ట్‌వౌట్ అమెరికా ఖజానాకు పన్నెండు లక్షల డాలర్లకు పైగా ఎగవేసిన వ్యవహారం. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ 1829లో, విదేశాంగ మంత్రి మార్టిన్ వాన్ బ్యూరెన్ వద్దన్నా వినకుండా, తన వర్గం మనిషని ఇతనికి ఆ పదవి కట్టబెట్టాడు. దేశంలో మరే రేవులోనూ అంత సుంకం వసూలయ్యేది కాదు. పాత అధికారులు అవినీతిపరులని ప్రచారం చేసి గెలిచిన జాక్సన్ చేసిన నియామకాల్లో అన్నిటికంటే అప్రతిష్ఠ తెచ్చింది ఇదే.

దోపిడీకి సందు అప్పటి చట్టంలోనే ఉంది. సుంకం ఎక్కువ వేశారని వర్తకులు అభ్యంతరం చెబుతూ సొమ్ము కడితే, తగాదా తేలేదాకా కలెక్టర్ దాన్ని తన దగ్గరే ఉంచుకునే వీలుండేది. స్వార్ట్‌వౌట్ ప్రభుత్వ ధనాన్ని సొంత పెట్టుబడుల్లోకి మళ్లించాడు. 1838లో పదవీకాలం ముగిశాక యూరప్‌కు ఉడాయించాడు. లోటు ఆ తర్వాతే బయటపడింది. అన్నేళ్లూ లెక్కలు చూసినవారు ఏం చూశారో మరి! వివాదంలో ఉన్న సుంకాన్ని కూడా వెంటనే ఖజానాలో జమ చేయాలని కాంగ్రెస్ 1839లో చట్టం చేసింది. 1841లో స్వదేశం చేరిన స్వార్ట్‌వౌట్ 1856లో మరణించాడు.